దుర్గం చెరువు నుండి గోల్కొండ ఖిడ్కీ వరకు

హైదరాబాదుకు పడమట మాధాపూర్, రాయదుర్గం గుట్టల నడుమ ఒదిగి ఉన్న దుర్గం చెరువును ఇప్పుడు అందరూ దాని మీది తీగల వంతెనతోనే గుర్తుపడుతున్నారు. 2020 సెప్టెంబరులో ఆ వంతెన మీద రాకపోకలు మొదలైనప్పటి నుండి, సాయంత్రమైతే చాలు, కుటుంబాలన్నీ పిల్లాపాపలతో అక్కడికి చేరుకుంటున్నాయి. మేము మాత్రం ఫజ్ర్ నమాజు ముగించుకొని, ఎండ ముదరకముందే వెళ్ళాము. నీటి అంచున నిలబడి చూస్తే ఒకవైపు ఏనుగుల్లా కూర్చున్న నల్లరాతి బండలు, మరొకవైపు ఆ బండలకు పైయెత్తున లేచిన గాజు మేడలు. గుట్టల చాటున ఎవరికీ కనబడకుండా ఉన్నందువల్ల పూర్వం దీనిని ‘రహస్యపు చెరువు’ అనేవారు. కుతుబ్‌షాహీ పాలకుల కాలంలో ఇక్కడి నీరు మట్టి గొట్టాల ద్వారా గోల్కొండ కోటకు చేరేది. కోటలో వారి దాహం తీర్చిన నీరు కనుక అది ఎక్కడి నుండి వస్తున్నదో శత్రువుకు తెలియకూడదు. ఆ రహస్యాన్ని కాపాడవలసినవారు మాత్రం మనుషులే కదా!

ఈ ప్రాంతానికి ఇప్పుడున్న రూపం వచ్చి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి రాళ్ళూ తుప్పలే. నేడు మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం కలిసి ఒక మహానగరం. రాయదుర్గం మెట్రో స్టేషనులో రైలు ఆగగానే మెడలో గుర్తింపు కార్డులు వేలాడదీసుకున్న యువతీ యువకులు వరదలా దిగుతారు. ఎవరి కార్డు తాడు ఏ రంగుదో చూసి ఎవరు ఏ కంపెనీ మనిషో చెప్పగలిగినవారున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ తాడు రంగు మారుతుంది. మనిషి అతడే, కూర్చునే మేడ వేరు. కొత్త జీతమెంత, కొత్త హోదా ఏమిటి అన్న మాటలు టీ బండ్ల దగ్గర వినబడుతుంటే, మాకు మన్సబుల కాలం జ్ఞాపకం వచ్చింది. ‘నాలుగు వేల మన్సబ్‌దారు’, ‘ఆరు వేల మన్సబ్‌దారు’ అని మొగలుల దర్బారులో ఒక్కొక్కరి స్థాయిని అంకెలతోనే కొలిచేవారు. పక్క రాజ్యపు సేనానిని తమవైపు తిప్పుకోవాలంటే ముందుగా పంపేది ఆ అంకెనే.

మేము నంద్యాల నుండి వచ్చినది మా ఆపా ఇంటికి. ఆమె కుమారుడు ఇక్కడి ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆరేళ్ళలో అతనికిది మూడవ కొలువు. ఇప్పుడు నాలుగవది పిలుస్తున్నది. ఉన్నచోట సంతకం చేసిన పత్రం ప్రకారం, మానుకునేముందు తొంభై రోజులు పనిచేసి వెళ్ళాలి. కొత్తవారు మాత్రం పదిహేను రోజుల్లో రమ్మంటున్నారు. అతడు మధ్యలో వదిలివెళితే, అతని కింద పని నేర్చుకుంటున్న నలుగురు కొత్తపిల్లల మీద భారమంతా పడుతుందట. “సంతకం చేసింది నువ్వే కదా బేటా” అంటుంది ఆపా. “అమ్మీ, వాళ్ళకు అవసరం తీరిన రోజున మాకు మూడు గంటలైనా గడువిస్తారా? పొద్దున కార్డు పనిచేస్తుంది, మధ్యాహ్నానికి గేటు తెరుచుకోదు” అంటాడు అతడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒప్పందాలను నెరవేర్చండన్న ఆదేశంతోనే మాయిదా సూరా ప్రారంభమవుతుంది. ఆ ఆదేశం పనివానికే గాని పని ఇచ్చినవానికి కాదని ఎవరూ చెప్పలేదు. ఆ రోజంతా ఈ చర్చ మాతోనే ప్రయాణించింది. సోమవారంలోగా అతడు జవాబు చెప్పాలి.

రాయదుర్గం నుండి ఖాజాగూడ, షేక్‌పేట మీదుగా గోల్కొండ అరగంట దూరం కూడా లేదు, దారి ఖాళీగా ఉంటే. ఆ దారిలోనే హజ్రత్ హుసైన్ షా వలీ దర్గా ఉంది. హుసైన్ సాగర్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి, మస్జిదు ఉన్నాయి. ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుండి, ఇరాన్ నుండి వచ్చిన వర్తకులు, విద్వాంసులు, సిపాయిలు ఈ నేల మీదనే బస చేసేవారు. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ దూరదేశాల నుండి యువకులు ఇక్కడికి రావడం సైబర్ టవర్స్‌తో మొదలైన సంగతి కాదని మేనల్లునికి చెప్పాము. అలా వచ్చినవారిలో ఇద్దరి కథ చెప్పనిదే ఈ ప్రయాణానికి అర్థం లేదు. అయితే వారికంటే ముందు మరొకరి పేరు తీయాలి.

ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుండి వచ్చిన ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంతో మొదలుపెట్టి అబ్దుల్లా కుతుబ్‌షాకు మీర్ జుమ్లా, అంటే ప్రధానామాత్యుడు అయ్యాడు. మా రాయలసీమవారికి ఆయన బాగా తెలిసినవాడే. 1650లో పెన్నా లోయ పక్కన గండికోటను పట్టినది ఆయనే. సొంత ఫిరంగి దళం, సొంత గనులు, సొంత ఓడలు. ప్రభువును మించిన సేవకుణ్ణి ఏ ప్రభువూ చాలాకాలం సహించడు. 1655లో ఆయన కుమారుణ్ణి అబ్దుల్లా కుతుబ్‌షా బంధించాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరిపోయాడు. మరుసటి ఏడాది మొదట్లోనే ఔరంగజేబు కుమారుని సేన హైదరాబాదులోకి వచ్చింది. ఆ తరువాత మీర్ జుమ్లా మొగలుల కొలువులో బెంగాలుకు సుబేదారై, అస్సాం దండయాత్ర ముగించి తిరిగివస్తూ 1663లో కన్నుమూశాడు. 1656 ముట్టడి నేర్పిన పాఠంతోనే గోల్కొండకు ‘నయా ఖిలా’ జోడించారు, 1666లో మూసా బురుజును నిర్మించారు. ఒక సేనాని పక్షం మారినందుకు కట్టిన గోడలవి.

గోడలు మందమైనంత మాత్రాన లోపలివారు నిలబడతారా? 1685లో కుతుబ్‌షాహీ సేనాధిపతి మీర్ ముహమ్మద్ ఇబ్రాహీం శత్రువు వైపు వెళ్ళిపోయాడు. హైదరాబాదు నగరానికి దారి తెరుచుకుంది. మొగలులు అతనికి మహబత్ ఖాన్ అన్న బిరుదు ఇచ్చారు. ముట్టడి సాగుతుండగా షేఖ్ నిజాం అనే మరో సేనాని వెళ్ళాడు. అతడు ముఖర్రబ్ ఖాన్ అయ్యాడు. 1689లో సంగమేశ్వర్ దగ్గర శంభాజీని పట్టుకున్నది ఈ గోల్కొండ మనిషే. చరిత్ర గ్రంథాల్లో ఇటువంటి వారికి రెండేసి పేర్లు కనబడతాయి, ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి. చదువరి తికమకపడితే తప్పు చదువరిది కాదు.

కోటలో మిగిలినది అబుల్ హసన్ కుతుబ్‌షా. సూఫీ గురువు షా రాజూ సన్నిధిలో ఫకీరుగా బ్రతికి, 1672లో సింహాసనమెక్కినవాడు. ప్రజలు ఆయనను తానాషా అన్నారు. 1687 జనవరి చివర ఔరంగజేబు స్వయంగా సేనతో వచ్చి కోటను ముట్టడించాడు. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది.

ఇక్కడ ఒక సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. రెండు పక్షాలూ ముస్లిములే. బీజాపూర్, గోల్కొండల మీది యుద్ధాన్ని మొగలు శిబిరంలోనే అందరూ మెచ్చలేదు. ఖాజీ పదవిలో ఉన్న షేఖుల్ ఇస్లాం పదవి వదిలి హజ్ యాత్రకు వెళ్ళిపోయాడు. ఆయన తరువాత వచ్చిన ఖాజీ అబ్దుల్లా, ఇరువైపులా ముస్లిముల రక్తం చిందుతున్నది, సంధి చేసుకోవడం మేలు అని చక్రవర్తికి సలహా ఇచ్చి దర్బారుకు దూరమయ్యాడు. చక్రవర్తి పెద్దకొడుకు షా ఆలం లోపాయకారిగా అబుల్ హసన్‌తో ఉత్తరాలు నడిపాడన్న అభియోగం మీద ఫిబ్రవరిలోనే నిర్బంధంలో పడ్డాడు. ఏళ్ళ తరబడి ఖైదు అనుభవించి, చివరకు 1707లో బహదూర్ షా పేరుతో చక్రవర్తి అయినది అతడే. అతడు చేసినది ద్రోహమా, శాంతి ప్రయత్నమా? తండ్రిని అడిగితే ఒక జవాబు, ముట్టడిలో ఆకలితో అలమటించిన సిపాయిని అడిగితే మరొక జవాబు వచ్చి ఉండేది.

ముట్టడిలో మొగలులు పడిన కష్టాలు చిన్నవి కావు. మే నెలలో ఒక రాత్రి ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే ఒక వీధికుక్క మొరిగి కావలివారిని లేపింది. అబుల్ హసన్ ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించి, జరీ కుప్పసం తొడిగించి సత్కరించాడట. రాజుకు హాస్యం తెలుసు! జూన్‌లో కోటగోడ కింద పెట్టిన మందుపాతరలు వెనక్కి పేలి మొగలు సిపాయిలే మట్టిలో కలిసిపోయారు. వాన, బురద, కరువు, రోగాలు. హైదరాబాదు నగరం ఇంచుమించు నిర్మానుష్యమైపోయింది. ఫిరంగులకు లొంగని కోటను లొంగదీయాలంటే మిగిలిన దారి ఒక్కటే అని చక్రవర్తికి అర్థమయింది.

ఆ దారి పేరు అబ్దుల్లా ఖాన్ పనీ. అఫ్ఘాన్ సిపాయి. మొదట బీజాపూర్ కొలువులో ఉండి, దానిని వదిలి మొగలులలో చేరాడు. మొగలులను వదిలి కుతుబ్‌షా దగ్గరకు వచ్చి సరందాజ్ ఖాన్ అన్న బిరుదు పొందాడు. ఇంతమందిని మార్చినవాణ్ణి కోట ద్వారానికి కావలి ఎందుకు పెట్టారో మాకు అర్థం కాలేదు. మేనల్లుడు మాత్రం ఠక్కున జవాబు చెప్పాడు. “అనుభవం ఉన్నవాడు కావాలనుకుంటారు మామూ. ఎక్కడెక్కడ పనిచేశాడో చూస్తారు, ఎందుకు మానేశాడో అడగరు.” నవ్వాము గాని, మాట గుచ్చుకుంది.

రెండవవాడు అబ్దుర్ రజాక్ లారీ. ఇరాన్‌లోని లార్ నుండి వచ్చినవాడు. కోట లోపల పోరాటానికి ప్రాణం ఆయనే. ఔరంగజేబు ఆయనకూ మన్సబ్ పంపాడు, ఆరు వేలది. లారీ ఆ ఫర్మానాను రహస్యంగా చింపి పారేయలేదు. బురుజు మీద తన సిపాయిలందరికీ చూపించి, వారి కళ్ళముందే ముక్కలు చేశాడు. కర్బలాలో ఇమామ్ హుసైన్ (రజి) వెంట నిలిచిన వారిలా చివరివరకు పోరాడతానని జవాబు పంపాడు. ఈ వివరాలు రాసినది కుతుబ్‌షాహీల ఆశ్రితుడు కాదు, మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్. గెలిచినవారి కలమే ఓడినవాణ్ణి మెచ్చుకున్న సందర్భం కనుక దీనిని మేము కొంత నమ్మకంతో చదివాము.

సెప్టెంబరు 21, రాత్రి మూడవ జాము దాటింది. అబ్దుల్లా ఖాన్ పనీ తన కావలిలో ఉన్న ఖిడ్కీ, అంటే పెద్ద ద్వారం పక్కనున్న చిన్న తలుపు, తెరిచి ఉంచాడు. రూహుల్లా ఖాన్ కొద్దిమందితో లోపలికి వచ్చాడు. వెంటనే పెద్ద తలుపులు బార్లా తెరిచారు. బయట వేచి ఉన్న సేన వరదలా వచ్చిపడింది. కేక విన్న లారీ జీను కూడా వేయని గుర్రమెక్కి, ఒక చేత కత్తి, మరొక చేత డాలుతో, పదిపన్నెండు మంది అనుచరులతో ఆ వరదకు ఎదురు వెళ్ళాడు. అనుచరులు చెదిరిపోయారు. ఒళ్ళంతా గాయాలైనా గుర్రం ఆయనను మోసుకుపోయి కోటలోని తోటలో ఒక కొబ్బరిచెట్టు దగ్గర పడవేసింది. తెల్లవారి ఎవరో గుర్తుపట్టారు. డెబ్బై వరకు గాయాలు లెక్కకు వచ్చాయట, గాయం మీద గాయం కాక.

మేము ఫతే దర్వాజా ముందు చాలాసేపు నిలబడ్డాము. విజయద్వారమన్న పేరు గెలిచినవారు పెట్టుకున్నది. ఆటోలు, బైకులు, బడి పిల్లల వ్యాన్లు ఆ వంపు కిందుగానే వెళుతున్నాయి. తలుపుల మీద ఏనుగులు గుద్దకుండా బిగించిన ఇనుప మేకులు ఇప్పటికీ మొనదేలి ఉన్నాయి. ఏనుగులను ఆపగలిగిన ఆ తలుపులు లోపలి గడియ తీసిన చేతిని ఆపలేకపోయాయి.

తరువాతి కథ మాకు మరింత ఆసక్తి కలిగించింది. ఔరంగజేబు లారీకి శిక్ష విధించలేదు. ఇద్దరు శస్త్రవైద్యులను పంపాడు. ఒకరు ఐరోపావాసి, మరొకరు హిందువు. అబుల్ హసన్‌కు ఇటువంటి సేవకుడు ఇంకొక్కడుంటే కోట మరింతకాలం నిలిచేదని చక్రవర్తి అన్నాడట. పదహారవ రోజున లారీ ఒక కన్ను తెరిచాడు. కొలువు ఇస్తామన్న కబురు వచ్చింది. అబుల్ హసన్ ఉప్పు తిన్నవాడు ఆలంగీర్ కొలువు చేయలేడని ఆ మంచం మీది నుండే జవాబు చెప్పాడు. కోలుకున్న తరువాత కూడా మక్కా వెళతానని తప్పించుకోజూశాడు. చక్రవర్తి కోపించాడు, ఫిరోజ్ జంగ్ అడ్డుపడి కాపాడాడు. ఏడాది గడిచింది. అప్పుడు లారీ మొగలుల మన్సబ్ స్వీకరించాడు.

ఇక్కడికి వచ్చేసరికి మేనల్లుడు ఆగాడు. “అంటే చివరకు ఆయనా మారాడు కదా?” అన్నాడు, ఏదో గెలిచినట్టుగా.

మారాడు. దానిని దాచి కథ చెప్పేవారున్నారు. మాకు అది నచ్చదు. అయితే లారీ మారేనాటికి ఆయన ప్రభువు దౌలతాబాదు కోటలో బందీ. రాజ్యం లేదు, సేన లేదు, కాపాడవలసిన గోడ లేదు. ఆయన మాట ఇచ్చిన పని ముగిసిపోయింది, అది కూడా ఆయన రక్తంలోనే. పనీ తలుపు తీసిన రాత్రి మాత్రం లోపల వేలమంది అతణ్ణి నమ్ముకొని నిద్రపోతున్నారు. ఇద్దరూ చివరకు ఒకే చక్రవర్తి కొలువుకు చేరారని లెక్కగట్టి ఇద్దరినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఆపా మాత్రం, “లారీని మూడువందల ఏళ్ళ తరువాత కూడా నువ్వు తలుస్తున్నావు, ఆయన పిల్లలు ఆ ఏడాది ఏం తిన్నారో తలచావా?” అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

నయా ఖిలాలో, గోల్ఫ్ మైదానం పక్కన, ఒక బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు ఉంది. స్థానికులు ‘హాతియాన్ కా ఝాడ్’ అంటారు. చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు, వయస్సు నాలుగు శతాబ్దాలంటారు. ఇది మన నేల చెట్టు కాదు, ఆఫ్రికాది. సహారా ఎడారి దక్షిణపు అంచున మాలీ, నైజర్ వంటి దేశాల పల్లెల్లో ఈ చెట్టు నీడనే జనం కూర్చుంటారు. ఆ ఎడారిలో టువారెగ్ అనే ముస్లిం సంచారజాతి ఉంది. వారి సేనానుల కథలు వింటే గోల్కొండ కథలు నిన్నటివేమో అనిపిస్తుంది. అల్‌హాజీ అగ్ గామూ అనే ఆయన యువకునిగా లిబియాలో సైనిక శిక్షణ పొంది, 1990లో మొదలైన తిరుగుబాటులో మాలీ ప్రభుత్వంపై పోరాడి, ఒప్పందం తరువాత అదే ప్రభుత్వ సైన్యంలో అధికారి అయ్యాడు. 2012 మార్చిలో కిడాల్ పట్టణంలో తిరుగుబాటుదారులు చుట్టుముట్టినప్పుడు, తాను వారివైపు వచ్చేశానని ప్రకటించాడు. ఆ మాటతో దారి దొరకగానే తన సిపాయిలను సరిహద్దు దాటించి నైజర్ చేర్చి, తాను ఇంకా మాలీ సైనికుడినేనని చెప్పాడు. 2023 చివర అదే కిడాల్‌కు ఆయనను గవర్నరుగా నియమించారు. ఆ రోజు కిడాల్ మీదికి వచ్చిన దళాలలో ఇయాద్ అగ్ ఘాలీ నాయకత్వంలోనిది ఒకటి. అతడు 1990 తిరుగుబాటుకు తొలి నాయకుడు. మరుసటి ఏడాదే ప్రభుత్వంతో సంధి చేసుకున్నాడు, తరువాత జిద్దాలో మాలీ దౌత్య ఉద్యోగి అయ్యాడు, మళ్ళీ ఆయుధం పట్టాడు. ఒకే తిరుగుబాటు నుండి వచ్చి, ఒకే పట్టణం దగ్గర ఎదురెదురైన ఇద్దరు. అక్కడి సామాన్య కుటుంబాలు ఏ జెండాను నమ్మాలో తెలియక ఇళ్ళు వదిలి పొరుగు దేశాల శిబిరాలకు వెళ్ళిపోయాయి. సేనాని పక్షం మారినప్పుడు అందరికంటే ముందు నడవవలసి వచ్చేది వంటపాత్రలు మూటగట్టుకున్న స్త్రీలే. 1687 నాటి హైదరాబాదులోనూ అంతే.

అబుల్ హసన్ పట్టుబడిన తెల్లవారు, వచ్చిన శత్రు సేనానులను కూర్చోబెట్టి, భోజనం తెప్పించి, తొందర లేకుండా తిన్నాడని చెబుతారు. పన్నెండేళ్ళు దౌలతాబాదులో బందీగా ఉండి అక్కడే మరణించాడు. గోల్కొండలో తాతముత్తాతల సమాధుల నడుమ ఆయనకు చోటు దక్కలేదు. ఖుల్దాబాదులో మట్టి అయ్యాడు. 1707లో ఔరంగజేబునూ ఆ ఊళ్ళోనే ఖననం చేశారు. 

తిరుగుదారిలో బాహ్యవలయ రహదారి వైపు వెళ్ళి హిమాయత్ సాగర్ దగ్గర ఖిలీచ్ ఖాన్ సమాధి చూశాము. ముట్టడి మొదటి రోజుల్లోనే ఫిరంగి గుండుకు ఆయన భుజం ఛిద్రమైంది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండవ చేత్తో కాఫీ తాగుతూ వచ్చినవారితో మాట్లాడాడట. గోల్కొండను గెలవడానికి వచ్చి ఆ నేలలోనే కలిసిపోయిన ఆయన మనుమడే 1724లో ఇక్కడ ఆసఫ్‌జాహీ రాజ్యం స్థాపించాడు. మేము దుఆ చేసి లేచేసరికి మేనల్లుని ఫోను మోగింది. కొత్త కంపెనీవారట. అతడు ప్రహరీ వరకు నడిచి వెళ్ళి, మాకు వీపు చేసి నిలబడి, చాలాసేపు మాట్లాడాడు. ఆపా అటే చూస్తూ కూర్చుంది. వచ్చి కారు తలుపు తీస్తూ, “తొంభై రోజులు ఆగలేకపోతే వేరేవాళ్ళను చూసుకోమన్నాను. నలభై ఐదుకు బేరం పెట్టారు” అన్నాడు.